పెదాలు కదపకండి

అయినా ఆ మాట మా ఆయనతో చెప్పడమేంటండీ, టీచరు గారూ? బడి గేటు దగ్గర బస్సు ఆపుకుని నిలబడ్డ మనిషిని పిలిచి, మీ అమ్మాయి వచ్చే ఏడు కూడా ఇదే క్లాసులో ఉండాలి అన్నారట. ఆ మనిషికి చెప్పే బదులు గోడకి చెప్పినా బాగుండేది. గోడైతే తిరిగి వినిపిస్తుంది. ఈయన ఇంటికొచ్చి, భోంచేసి, చెయ్యి కడుక్కుని, తువ్వాలు ఆరేసి, అప్పుడన్నాడు, "అవునూ, మీ పార్లరుకొచ్చే టీచరు ఏదో అన్నారు" అని. ఆ ఏదో ఏమిటో నేను లాగేసరికి ఆయనకి ఆవలింతలొచ్చాయి.

వద్దు వద్దు, జవాబు చెప్పకండి. పెదాలు కదిపితే ముఖానికి వేసిన మట్టి ప్యాక్ పగులుతుంది. మెడ దాకా వేశాను, తల కూడా కదపకండి. పగిలిన చోట గీత పడిపోతుంది. రేపు బడి వార్షికోత్సవంలో స్టేజీ మీద లైట్ల కింద ఆ గీతే కనబడుతుంది. ఆరేదాకా హాయిగా పడుకోండి. మాట్లాడే పని నేను చూసుకుంటాను.

మాస్కు చూసి కంగారు పడకండి, నాకు జలుబేం లేదు. ఎందుకు పెట్టుకున్నానో తర్వాత చెప్తాను. ముందు కళ్ల మీద తడి దూది వెయ్యనివ్వండి. చల్లగా ఉందా? అంతే, కనుబొమలు ముడవకండి.

పిల్ల ఇక్కడే ఉంది. మీ వెనకాల, తువ్వాళ్ల బుట్ట పక్కన స్టూలు మీద కూర్చుని బొమ్మకి రంగులేసుకుంటోంది. దానికేం వినపడదు లెండి. ఈ నెల చెవులు మళ్లీ నిండిపోయాయి. పైగా ఈ ఫ్యాను ఒకటి, ఎడ్లబండిలా తిరుగుతోంది. మనం ధైర్యంగా మాట్లాడుకోవచ్చు. అంటే, నేను మాట్లాడుకోవచ్చు.

మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. ఒకరోజు గడగడా అప్పజెబుతుంది, ఇంకోరోజు పక్కన నిలబడి పిలిచినా పలకదు, కాబట్టి నాటకం. అందరూ అదే అంటారు. మా అత్తగారైతే, దానికి కావలసింది దానికి వినపడుతుందే అంటారు. ఆవిడ అనడమే విచిత్రం. నాకు ఒంట్లో బాగాలేదన్న మాట ఆవిడకి ఇన్నేళ్లలో ఒక్కసారీ వినపడలేదు. పక్కింటివాళ్లు కొత్త ఫ్రిజ్ కొన్న సంగతి మాత్రం తలుపులేసుకున్నా వినపడింది.

మేం కూడా మొదట్లో కనిపెట్టలేదు లెండి. దానికి కారణం ఈ అద్దం. ఈ గదిలో ఎవరూ ఎదురెదురుగా మాట్లాడుకోరు, గమనించారా? నేను మీ వెనక నిలబడి అద్దంలోకి మాట్లాడతాను, మీరూ అద్దంలోకే జవాబిస్తారు. ఆ మూల స్టూలు మీద కూర్చుంటే అందరి పెదాలూ కనబడతాయి. బడి వదిలాక రోజూ అక్కడే కూర్చుని, పిల్ల పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చేసుకుంది. నేర్చుకున్నానని దానికే తెలీదు. బ్యాంకులో పనిచేసే ఆవిడ ఒకసారి నా పనితనం గురించి తనలో తాను గొణుక్కుందట. నాకేం వినపడలేదు. ఆవిడ వెళ్లాక ఇది చెప్పింది, నేను కనుబొమలు ఎక్కువ తక్కువగా తీశానని ఆవిడ అభిప్రాయమట. ఇంత చురుకైన పిల్లకి చెవిలో లోపముందని ఎవరనుకుంటారు?

ఒక సాయంత్రం కరెంటు పోయింది. గదంతా చీకటి. అంతకుముందు దాకా అదీ నేనూ ఏవో కబుర్లు చెప్పుకుంటున్నాం. నేను ఆపలేదు, చీకట్లో దువ్వెనలు తడిమి సర్దుకుంటూ మాట్లాడుతూనే ఉన్నాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. నిద్రపోయిందనుకున్నాను. కరెంటొచ్చింది. చూస్తే కళ్లు ఇంతింత చేసుకుని నన్నే చూస్తోంది.

"అమ్మా, ఎందుకు మాట్లాడ్డం ఆపేశావు?" అంది.

నేను ఆపలేదండీ.

అప్పుడు పరిగెత్తాం డాక్టరు దగ్గరికి. చెవుడు కాదన్నాడు. చెవుడైతే రోజూ ఒకేలా ఉంటుంది, జనమూ నమ్ముతారు. ఇది చెవి పొర వెనకాల చేరే నీరట. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. అద్దె ఇవ్వకుండా తాళం చెవి దగ్గర పెట్టుకున్న మనిషిలాగ. నీరని పేరే గానీ అది నీరూ కాదు. ఆపరేషన్‌లో పీల్చి తీసింది సీసాలో పెట్టి చూపించాడు. నేను చేతులకి వేసే మైనం గోరువెచ్చగా ఉన్నప్పుడు ఎలా సాగుతుంది? అచ్చం అలా ఉంది. అంత జిగురు చెవిలో పెట్టుకుని ఎక్కాలు వినమంటే ఎలా వింటుంది?

డాక్టరు మంచివాడే. కాకపోతే చెవుల డాక్టరయ్యుండీ తన చెవుల్లోంచే వెంట్రుకలు గుబురుగా బయటికొచ్చి ఉంటాయి. పిల్ల చెవిలోకి ఆయన లైటు వేసి చూస్తున్నంతసేపూ నేను సంచిలో కత్తెర తడుముకుంటూ ఉంటాను. ఆయనకి బాగా వచ్చిన మాట ఒకటే. "పెద్దయితే అదే తగ్గిపోతుందమ్మా, చూద్దాం." నిజమేనేమో, పెద్దయ్యాక తగ్గుతుందేమో. పాఠాలు మాత్రం చిన్నప్పుడే చెప్పేస్తున్నారు మరి.

మధ్యలో ముక్కుతో బుడగ ఊదించమన్నాడు. ఒక ముక్కురంధ్రం మూసుకుని, రెండోదాంతో. అలా చేస్తే గాలి చెవిలోకి పోయి దారి తెరుచుకుంటుందట. పాపం ముఖం ఎర్రబడేదాకా ఊదేది. ఇల్లంతా బుడగలే. మా ఆడపడుచు వచ్చి ఎవరి పుట్టినరోజు అంది. ఎవరిదీ కాదన్నాను. కేకు దాచేశామనుకుని అలిగి వెళ్లిపోయింది. ఇప్పటికీ మాటల్లేవు. ఆ వైద్యంలో నాకు కలిగిన మేలు అదొక్కటే.

రెండుసార్లు మత్తిచ్చి చెవి పొరలో గొట్టాలు పెట్టారు. గొట్టమంటే పెద్దదేం కాదు. దారపు రీలు ఆకారం, ఆవగింజకి అక్కలాంటిది. అది ఉన్నన్నాళ్లూ పిల్లకి అన్నీ వినపడ్డాయి. ఫ్రిజ్ పాడుతోంది అంది ఒకరోజు. చెప్పులకి కూడా చప్పుడుంటుందా అంది. మీకు గడగడా అప్పజెప్పిన రోజులు అవేనండీ. నాటకం కాదు, గొట్టం.

తర్వాత ఒక పొద్దున జడ వేస్తుంటే ఆ గొట్టం దువ్వెనతో పాటు వచ్చేసింది. తెల్ల తువ్వాలు మీద పడింది. చుండ్రనుకుని దులపబోయాను. ఎంతమంది తలలు దువ్వాను, చెవిలోంచి వినికిడి రాలి పడడం ఎక్కడా చూళ్లేదు. కొన్నాళ్లకి అవి వాటంతటవే ఊడిపోతాయట. ఊడేలోగా లోపల బాగుపడిపోవాలట. మా పిల్లకి గొట్టాలు ఊడడం మాత్రం చెప్పినట్టే జరిగింది. రెండోసారి కూడా అంతే. తీసి హెయిర్‌పిన్నుల డబ్బాలో దాచాను. దాచి ఏం చేస్తాను? ఊరికే. మూడోసారి పెడతారా అంటే, చూద్దాం అన్నాడు.

మీరు బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతారట. తప్పని కాదు. చెయ్యి అటు, ముఖం ఇటు పెట్టి రాయాలంటే మీకు గుడ్లగూబ మెడ ఉండాలి. కాకపోతే మీరు అటు తిరిగినంతసేపూ మా పిల్లకి మీరొక జడ మాత్రమే. ఏ రోజు ఏ రంగు రబ్బరుబ్యాండు పెట్టుకున్నారో అడగండి, తప్పు లేకుండా అప్పజెబుతుంది.

అప్పుడు దానికి ఉడత దిక్కు. అదేనండీ, ముందు పళ్లు పొడుగ్గా ఉండే పిల్ల, దీని పక్కన కూర్చునేది. ఇంట్లో మేం ఉడత అంటాం. మీరు బోర్డు వైపు తిరగ్గానే ఉడత ఇటు తిరిగి, గొంతు బయటికి రాకుండా, మీ మాటలన్నీ పెదాలతో చెప్పేది. ఆ పిల్లకి పాల పళ్లు ఊడినప్పుడు కొన్నాళ్లు పాఠం సరిగ్గా అర్థం కాలేదట. కొత్తవి వచ్చాక కుదుటపడింది. కబుర్లాడుతున్నారని మీరు ఇద్దర్నీ విడదీసి చెరో మూల కూర్చోబెట్టారు. కబుర్లు కావండీ. మీరు చెప్పిన పాఠమే, రెండోసారి.

అయినా ఉడత ఆగలేదు. ఆ మూల నుంచే చెబుతోందట. ఇప్పుడు ఉడత పై క్లాసుకి వెళ్లిపోతుంది. ఇది ఇక్కడే ఉంటుంది, తనకంటే చిన్నపిల్లల మధ్య. వాళ్లలో ఎవరు తిరుగుతారండీ దీని వైపు?

కనుబొమలు ముడవకండి అన్నానా. మిమ్మల్ని అనడం లేదు. హెడ్మాస్టరు గారి గదిలో అంతా తేలిపోయిందని, ఇక మీ చేతుల్లో ఏమీ లేదని మీ బడి గంట కొట్టే పెద్దాయన పొద్దున చెప్పాడు. రహస్యమమ్మా అన్నాడు. ఆయన రహస్యమన్నాడంటే వీధంతా అయిపోయి చివరికి మన దగ్గరికి వచ్చాడని అర్థం. ఒకప్పుడు ఏ కబురైనా ముందు ఈ పార్లరుకే వచ్చేది. నా స్థాయి ఎంత పడిపోయిందో చూడండి.

కాబట్టి మార్చమని అడగను. మార్చినా వచ్చే వర్షాలకి మళ్లీ జలుబు, మళ్లీ జిగురు. వచ్చే ఏడు ఇంకో టీచరు గారు, ఆవిడకి ఇంకో ప్యాకు, మళ్లీ మొదట్నుంచీ ఇదే కథ. నాకూ నోరు నొప్పి పుట్టింది.

మాస్కు సంగతి చెప్తానన్నాను కదా. ఇది లేకపోతే ఇప్పటిదాకా నేను చెప్పిందంతా ఆ మూలకి అద్దంలో కనబడేదే. అందుకు. పొద్దుట్నుంచి అది ఒకటే అడుగుతోంది, ఉడతా నేనూ ఒకే క్లాసు కదా అని. నేను అటు తిరిగి గిన్నెలు తోముకున్నాను. వీపుకి జవాబు చెప్పే బాధ్యత ఉండదు కదా. మీ దగ్గరే నేర్చుకున్నాననుకోండి.

ఆరింది. కుర్చీ పైకి లేపుతున్నాను. ఒక కంటి మీద దూది తీస్తాను, ఒక్క కన్ను చాలు. అద్దంలో చూడండి. రంగు పెన్సిలు ఆగిపోయింది, చూశారా? మన మూతులే చూస్తోంది. మీది మట్టిలో ఉంది, నాది మాస్కులో ఉంది. అయినా కదలకుండా చూస్తోంది. చూడండి, గొంతు లేకుండా అడుగుతోంది. "ఒకే క్లాసేనా?" అంటోంది.

నేనిప్పుడు మాస్కు తీసి, టీచరు గారు సరేనన్నారు, ఇద్దరూ ఒకే క్లాసు అని చెబుతాను. అబద్ధమే. బడి తెరిచిన రోజు తెలిసిపోతుంది. ఆ రోజు ఏం చెప్పాలో నాకు తెలీదు. చూద్దాం. విన్నారా, డాక్టరు గారి మాట నాకూ అంటుకుంది.

నేను చెబితే నమ్మదు. ముందు మీ వైపు చూస్తుంది. నోటితో మీరేం అనక్కర్లేదు, నేను చెప్పగానే ఒక్కసారి తలూపండి.

ప్యాక్ పగిలితే పగలనివ్వండి, మళ్లీ వేస్తాను.

ఇదిగో, మాస్కు తీస్తున్నాను. ఇక నా ముఖం నవ్వుతూనే ఉంటుంది, మీరు పట్టించుకోకండి. ఊపండి, టీచరు గారూ.