పోట్లాడాక

మనవడి కోసం అట్టలు వేసిన పుస్తకాలను తండ్రి భోజనాల బల్ల మీద పేరుస్తుంటే, కూతురు వాటిని పక్కకు నెట్టేసింది.

“వాడు బడికే వెళ్తాడు నాన్నా.”

“నిన్ను ఇంట్లోనే చదివించాను. నీకేం తక్కువైంది?”

“పిన్ని కూడా తన పిల్లల్ని ఇంట్లోనే చదివించింది. కానీ సాయంత్రమయ్యేసరికి వాళ్ళని ఆడుకోమని వీధిలోకి తరిమేది. నువ్వు కిటికీలు మూసేవాడివి.”

“ఆ అల్లరిమూకతో కలిసి చెడిపోతావని.”

“ఆఫీసులో ఎవరితోనైనా మాటా మాటా వస్తే, మర్నాటి నుంచి ఆ గుమ్మం తొక్కలేను. అలాగే మూడు ఉద్యోగాలు పోయాయి.”

“నా మీద మాత్రం గొంతు బాగానే లేస్తోందే.”

“ఇదే మొదటిసారి.”

ఆమె సంచీ భుజాన వేసుకుని విసురుగా గుమ్మం దాకా వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది.

“ఇంకా ఏమిటి?”

“పోట్లాడాక మళ్ళీ ఎలా మాట్లాడాలో నువ్వు నేర్పలేదు.”