మెత్తటి కుకీలు, కుడివైపు పన్ను

ఆదివారం మధ్యాహ్నం. వంటింట్లో ఓవెన్ ముందు కొత్త దంపతులు. ఆమె పళ్ళ డాక్టరు. అతను బళ్ళో లెక్కల మాస్టారు.

“తీసెయ్, తీసెయ్! అంచులు రంగు తిరిగాయి.”

“మధ్యలో ఇంకా పచ్చిగానే ఉన్నాయిగా, డాక్టరుగారూ?”

“ఉండాలి. మిగతా పని వేడి ట్రే చేసేస్తుంది. పూర్తిగా కాలేదాకా ఆగామనుకో, చల్లారాక రాళ్ళే.”

“అమ్మో, రాళ్ళొద్దు! తీస్తున్నా. అరె, పట్టుకునే గుడ్డ ఏదీ?”

“నీ భుజం మీద.”

“ఓ.”

“చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాడట. ఈయన పిల్లలకి లెక్కలు చెప్తాడు మళ్ళీ! ఏయ్, ఆగు, ట్రే మీంచి ఇప్పుడే తీయకు, ముక్కలైపోతాయి.”

“ముక్కలైతే మరీ మంచిది.”

“ఎందుకట?”

“ఊరికే. చిన్న ముక్కలైతే... రుచి బాగా తెలుస్తుంది.”

“ఈ వారంలో ఇది మూడోసారి. ప్రతిసారీ ఒకటే పాట, ‘మెత్తగా చెయ్, ఇంకా మెత్తగా చెయ్’. బ్రౌన్ షుగర్ ఇంకాస్త వెయ్యమన్నావు. పచ్చసొన ఇంకోటి వెయ్యమన్నావు. ఇంకా మెత్తగా అంటే ఇక పిండిముద్దని చెంచాతో తినడమే.”

“తినొచ్చా?”

“మాస్టారూ!”

“ప్రేమకొద్దీ అడిగానోయ్.”

“పెళ్ళికి ముందు మా ఇంటికొచ్చినప్పుడు అమ్మ చేసిన బిస్కెట్లు గుర్తున్నాయా? సుత్తి పెట్టి కొట్టినా పగలనివి?”

“అత్తయ్యగారి మర్యాద కోసం తిన్నాను.”

“మర్యాదకి ఉడతలా కటకటా కొరికి ప్లేటు ఖాళీ చేస్తారా? మా నాన్న నీ జీతం కూడా అడగలేదు. పళ్ళు చూసి పిల్లనిచ్చాడు.”

“అప్పుడు వయసులో ఉన్నాను.”

“మూడు నెలల కిందటి మాట అది!”

“పెళ్ళయితే మగాడు తొందరగా ముసలాడవుతాడట.”

“ముసలాడివే. అయ్యో, రెండో ట్రే! నీ మాటల్లో పడి మర్చేపోయా. చూడు, నల్లబడ్డాయి. ఠంగుఠంగుమంటున్నాయి.”

“పోనీలే, పక్కింటి కుక్కకి పెడదాం.”

“వీటిలో చాక్లెట్ ఉంది, కుక్కకి పెట్టకూడదు. నువ్వు తిను.”

“నేనా? నాకు కడుపు నిండిపోయింది.”

“ఒక్కటీ తినకుండానే?”

“వాసనకే.”

“ఊఁ, ఒక్కసారి కొరుకు. కుడివైపు.”

“కుడివైపే ఎందుకు?”

“ఎడమవైపు పాపం వారం నుంచి ఒక్కటే చాకిరీ చేస్తోందిగా.”

“అదీ... అంటే...”

“చల్లటి నీళ్ళు తాగేటప్పుడు మెడ పక్కకి వాల్చేస్తావు. అద్దం ముందు నోరు తెరుచుకుని నిలబడతావు, నేనొస్తే ఆవులింతంటావు. పొద్దున్నుంచీ సాయంత్రందాకా నేను చూసే మొహాలన్నీ అవే, బాబూ!”

“తెలిసీ వారం నుంచి అడగలేదా? దొంగా!”

“దొంగెవరు? పళ్ళ డాక్టర్ని చేసుకుని పన్ను దాచుకున్నవాడా, నేనా?”

“ఆ సూది, ఆ మిషను జుయ్యిమనే చప్పుడు... తలుచుకుంటేనే గుండె జారిపోతుంది. కొత్త పెళ్ళాం ముందు పిరికివాణ్ణనిపించుకోవడం ఇష్టంలేక...”

“పిరికివాడివే! క్లాసంతటినీ గడగడలాడించే మాస్టారు, ఒక్క పన్నుకి వణికిపోతున్నాడు.”

“నవ్వు, నవ్వు. సరే, ఓడిపోయాను. రేపు పొద్దున్నే వచ్చి నీ కుర్చీలో కూర్చుంటా. నీ చెయ్యి కాబట్టి కళ్ళు మూసుకుని నోరు తెరిచేస్తా. చాలా?”

“రేపా? రేపు వద్దులే.”

“అదేంటి? పోనీ ఎల్లుండి?”

“ఎల్లుండి... చూద్దాం. ఇదిగో, ఇది చల్లారింది. తిను, మెత్తగా ఉంది.”

“ఇప్పుడు మాట దాటేస్తోంది ఎవరు?”

“మా క్లినిక్‌లో పెద్ద డాక్టరు మేడం దగ్గరికి వెళ్దాం. ఆవిడ చాలా నెమ్మదిగా చేస్తారు.”

“ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని మేడమెందుకు? చెప్పు. ట్రే వైపు కాదు, నా వైపు చూసి చెప్పు.”

“రోజూ అంతమందికి పొడుస్తాను, ఎప్పుడూ చెయ్యి వణకలేదు. ఆ కుర్చీలో నిన్ను ఊహించుకుంటే చాలు, చేతిలో సూది నిలవట్లేదు. ఎందుకు చేస్తున్నాననుకున్నావు వారం నుంచి ఇన్ని కుకీలు? నాకు ధైర్యం వచ్చేదాకా నీకు నొప్పి తెలియకూడదని!”