మూడో సీటు

అమీర్‌పేట, 1938. వంటవాడు సాలమన్ ఇంట్లో అతని భార్య తబిత కొడుకు బట్టలు మూట కడుతోంది. బేగంపేట విమానాల మైదానంలో, సొంత విమానం తోలుకునే ఒక సాబ్ దగ్గర మిస్త్రీగా పనిచేసే గులాం మొహియుద్దీన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మూట విప్పు వదినా. రేపు యేసురాజును విమానంల పంపకు."

"మంచిగుంది భాయ్! పొద్దుగాల కాంటా మీద నిలబెట్టి తూకం వేసింది నువ్వే కదా. సరిపోయిండు అన్నవంట."

"సాబ్ వేయమన్నడు, వేసిన. అయినా వద్దంటున్న."

"ఎందుకు వద్దు?"

"ఇంజను జర దగ్గుతున్నది."

"బాగు చేయనీకి నువ్వు లేవా?"

"ఉన్న, ఉన్న. చేస్తున్న. కానీ వాన సుత పడుతున్నది. సముద్రపొడ్డున ఇసుక మీద దిగాలె. ఇసుక తడిస్తే చక్రాలు కూరుకపోతయ్."

"మా ఆయనను తీసుకపోయిన దినం వాన లేకుండెనా? సాబ్ మస్తు తోలుతడు, ఫికర్ చేయకు వదినా అని నువ్వే అంటివి."

"అంటి. కాదంటలేను."

"ఇప్పుడు సాబ్ సుత పోతుండు, ఆ పక్షుల ఫోటోలు తీసే దొర సుత పోతుండు. ఇంజను దగ్గితే వాళ్ళు ఎక్కుతరా? వాళ్ళ పాణాలు వాళ్ళకు తీపి కాదా?"

"జర మంచినీళ్ళు ఇయ్యి వదినా."

"తాగు. తాగి నిజం చెప్పు. ఆ సీట్ల నీ బామ్మర్దిని కూసోబెట్టాలని ఉన్నదా?"

"తౌబా తౌబా! ఆ అడవికి నా ఇంటి పిల్లిని సుత పంప!"

"అట్లాంటి అడవిల మా ఆయనను ఇడిచిపెట్టి వచ్చిండ్రు కదా! జ్వరంతోని ఉన్న మనిషిని. ఉన్నయే మూడు సీట్లు. సాబ్‌కు ఒకటి, దొరకు ఒకటి. మూడోదాంట్ల ఏమొచ్చింది? మొసలి తోళ్ళు! తోళ్ళకు సీటు దొరికింది, మనిషికి దొరకలే."

"బరువెక్కువైందంట. లేస్తలేదంట."

"తోళ్ళు దించితే లేవకపోతుండెనా?"

"నేను ఆడ లేను వదినా. ఉంటే..."

"ఉంటే ఏం చేస్తుంటివి? జీ హుజూర్ అంటుంటివి."

"అంటుంటి. అదే అంటుంటి."

"పోనీ రైలుకు పొమ్మంటవా? అది సుత అడిగొచ్చినం. కాకినాడ దిగినంక పడవనే గతి. వానకాలం ఆ మడ అడవిలకు ఏ పడవోడు రాడంట. విమానం తప్ప దారి లేదు."

"తెలుసు."

"నా కొడుకు ఏమనుకున్నడో తెలుసా?"

"తెలుసు. చక్రానికి గాలి కొడుతుంటే నా పక్కన కూసోని చెప్పిండు. నేను దిగుత, నాయిన ఎక్కుతడు అని."

"మనిషి బదులు మనిషి. మేమిద్దరం పంజాగుట్ట దాటి బంగళా దాకా నడిచిపోయి సాబ్ కాళ్ళ మీద పడితే ఒప్పుకున్నడు. వాళ్ళు ఉన్నన్ని దినాలు యేసురాజు వంట చేస్తడు. వచ్చేటప్పుడు ఆడనే ఆగుతడు. పెద్దాయన ఇంటికి వస్తడు. పిల్లగాడు వయసుల ఉన్నడు, మళ్ళ విమానం వచ్చేదాక తట్టుకుంటడు. ఆయన తట్టుకోడు."

"వదినా, నా మాట..."

"చెప్పనియ్యి! కన్నదాన్ని, నాకు దుఃఖం లేదా? మొగుడా, కొడుకా అని కడుపుల కత్తి పెట్టుకోని ఎంచుకున్న. పాస్టరు గారితోని ప్రార్థన సుత చేయించిన. ఇప్పుడొచ్చి మూట విప్పు అంటే ఎట్ల విప్పుత?"

"విప్పు. నీ కాళ్ళు మొక్కుత, విప్పు."

"లే భాయ్, లే! ఇదేంది? ఎందుకు ఏడుస్తున్నవ్? సాబ్ ఏమన్నా అన్నడా?"

"నోరు తెరిస్తే నౌకరీ ఉండదన్నడు."

"దేని గురించి నోరు తెరిస్తే?"

"ఏం లేదు."

"దేని గురించి భాయ్? అక్కడ జాలరోళ్ళు ఆయనకు గంజి పోస్తున్నరు అన్నవు. పోస్తలేరా?"

"సాబ్ చెప్పమన్నడు, చెప్పిన."

"జాలరోళ్ళే లేరా?"

"లేరు."

"ఓ ప్రభువా! ఒక్కడే ఉన్నడా? జ్వరంతోని ఒక్కడేనా? అయితే రేపటిదాక ఎందుకు, ఇయ్యాలనే పోవాలె! యేసురాజూ! ఓ యేసురాజూ! చెప్పులేసుకో బిడ్డా, సాబ్ దగ్గరికి పోదాం!"

"పిలవకు వదినా! సచ్చిపోయిండంటే ఇంకో వంటోడు రాడని సాబ్ మాట దాచిండు. అన్నను ఆ ఇసుకలనే పూడ్చిపెట్టి విమానం ఎక్కిండ్రు. యేసురాజు దిగితే, ఎక్కనీకి ఆడ ఎవ్వరు లేరు."