కొలిచిన కొద్దీ తగ్గే ఇల్లు

ప్రేమ్ కుమార్‌కు భీమ్లా కొట్టులో టీ ఇప్పించి తప్పు చేశానని రాములమ్మకు ఆయన రెండు గుక్కలు తాగేసరికే తెలిసిపోయింది. ఒక్క టీ తాగించి, ఎదురుగా ఉన్న మున్సిపల్ ఆఫీసులోకి తీసుకుపోదామనుకుంది. మొన్న పెద్దగట్టు జాతరకు జనమంతా తమ వీధిలోంచే పోతారని, ఆ నాలుగు రోజులూ అరుగు మీద పొయ్యి పెట్టి టీ అమ్ముకుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లు కొలిచేవాళ్లు వచ్చి, ఇంటిని దుకాణమని రాసుకుపోయారు. దాంతో ఇంటిపన్ను కొండెక్కి కూర్చుంది. కట్టకపోతే ఈ సాయంత్రమే నల్లా కనెక్షన్ కోసేస్తామన్నారు. ఆఫీసులో పెద్దసారుతో మాట్లాడి సరిచేయిస్తానని కాలనీ అంతా వినేలా మాటిచ్చింది ఈ మనిషే.

"నాకూ గిట్లనే పన్ను ఎక్కువ రాసిన్రు చెల్లె. జర మళ్ల కొలువుండ్రి అన్న, అంతే," అని మొదలుపెట్టాడు. అక్కడితో ఆగితే ఆయన ప్రేమ్ కుమార్ ఎందుకవుతాడు?

మళ్లీ కొలిస్తే వరండా తగ్గిందట. ఆయన ఒక్కసారి గొంతు సవరించుకునేసరికి టేపు పట్టినవాడు జడుసుకొని, వంటగది కూడా లెక్కలోంచి ఎగిరిపోయిందట. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని గ్లాసు బల్ల మీద పెట్టి, మఠం వేసుకొని కూర్చున్నాడు. ఎదుటి ఆఫీసు గేటు దగ్గర డ్రైవరు పెద్దసారు జీపు తుడుస్తున్నాడు. సారు బయటికి వెళ్తే ఇక ఈరోజుకు దొరకడు.

"కొలిసిన కొద్దీ ఇల్లు సిన్నగైతనే ఉన్నది. ఆఖరుకు పెద్దసారే బడిపిల్లల స్కేలు పట్టుకొని మోకాళ్ల మీద కూసున్నడు. పైకెల్లి సూద్దమని డ్రోన్ లేపిన్రు. గా డ్రోన్ మా ఇల్లు యాడున్నదని దేవులాడుకుంట దేవులాడుకుంట పోయి పాలకీడు పొలాలల్ల పడ్డది."

"మరి గంత సిన్న ఇంట్ల ఎట్ల పండుకుంటరు సారూ?" అన్నాడు కొట్టు భీమ్లా.

"కొలిసేటప్పుడే సిన్నగైతదిరా. వాళ్లు పోంగనే మళ్ల ఎప్పటి లెక్కనే."

ఇగ పోదాం అన్నా అని రాములమ్మ లేచింది. ఆయన చెయ్యూపి కూర్చోమన్నాడు. అసలు కథ ఇప్పుడే మొదలట. ఆ దెబ్బకు కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా ఆఫీసర్లు కార్లేసుకొని ఆయన ఇల్లు చూడటానికి వచ్చారట. మీరు పన్ను కడితే మాకే నామోషి, దయచేసి కట్టకండి అని వరసగా నిలబడి దండాలు పెట్టారట.

జీపు స్టార్టయింది. రాములమ్మకు ఒళ్లు మండిపోయింది.

"అన్నా, నిరుడు నీ నల్లా కోసిపోయినకాడి నుంచి వదిన పొద్దుమాపు మా నల్లా కాడనే బిందెలు నింపుకుంటున్నది. ఎవలకు చెప్పొద్దన్నది, నేను చెప్పలే. ఇయ్యాల నాది గూడ కోస్తే, రేపు మీ ఇంట్ల పొయ్యి మీదికి నీళ్లెక్కడియి?"

ప్రేమ్ కుమార్ సగం టీ వదిలేసి, చెప్పులు తొడుక్కొని, సారూ జర ఆగుండ్రి అంటూ జీపుకు అడ్డంగా ఉరికాడు. రాములమ్మే ఆయన వెనక పరుగెత్తాల్సి వచ్చింది.