చల్లబడ్డ పగ

సింగపూర్ ఈస్ట్ కోస్ట్ బీచ్‌లో పాటల పండుగ. గుడారం ముందు బీర్ల ఐసు పెట్టెతో ఇద్దరు సాఫ్ట్‌వేర్ మిత్రులు కూర్చున్నారు.

"ఒరేయ్, అదుగో టీమ్ లీడ్ తిరుమలేష్! స్టాల్లో బీరు రేటు చూసి బెదిరి, ఇటే వస్తున్నాడు."

"రానీ. పోయినేడు ఇక్కడే మన బీర్లు తాగి, సోమవారం నేను తాగుబోతునని రిపోర్టు రాసి, వై టూ కే ప్రాజెక్టులోంచి తీయించాడు."

"ఇప్పుడడిగితే లేవంటావా?"

"అబద్ధమెందుకు? పక్క గుడారాల వాళ్ళని పిలు. వాడొచ్చేలోపు ఊరికే పంచేద్దాం."

"అన్నీనా? పొద్దున్నే చేపల మార్కెట్ నుంచి ఐసు మోసుకొచ్చాం కదరా!"

"అన్నీ."

ఐదు నిమిషాల్లో పెట్టె ఖాళీ అయింది. తిరుమలేష్ వచ్చి, నేరుగా పెట్టె మీదికి వంగాడు.

"చూడరా, చెయ్యి పెట్టి ఐసు నీళ్ళు కెలుకుతున్నాడు."

"చూస్తున్నా."

"మనకీ ఒక్కటీ మిగల్లేదు."

"వాడి మొహం చూశాక నాకు దాహం తీరిపోయిందిరా."