రెండు ఎర్ర చుక్కలు

శనివారం పొద్దున లోర్నా తుపాకుల కొట్టులో కాఫీ కంటే ముందు కాగేది డెల్బర్ట్ గొంతు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఆయనకి మాట్లాడటానికి మనిషి దొరకడు. అమెరికాలో మోంటానా గోధుమ చేల మధ్య, ఊరికి నలభై మైళ్ల అవతల ఇల్లు. ఆ ఇంట్లో ఫ్రిజ్ గురకపెడుతుంది, గాలి తలుపు తడుతుంది, అంతే సందడి. భార్య ఇరీన్ పోయి మూడేళ్లయింది. అన్నాళ్లు కట్టిపెట్టిన నోరు శనివారం విప్పితే గేటెత్తిన కాలవే, ఎవడాపుతాడు?

ఆ రోజు మాత్రం ఆయన ఊరికే రాలేదు. చంకలో పిస్తోలు పెట్టె పెట్టుకుని, మొహాన పెళ్లికొడుకు బింకం పెట్టుకుని వచ్చాడు. ముప్పయ్యో పెళ్లిరోజున ఇరీన్ కొనిచ్చిన పిస్తోలు అది. దాని పైభాగం, స్లైడు అంటారే, దానిమీద వెనక గురి ముక్కకి కాస్త ముందు ఆవిడ పేరు బుజ్జి అక్షరాలతో చెక్కించి ఇచ్చింది. ఇప్పుడు దానిమీద ఎర్ర చుక్క అద్దం పెట్టించాలి. అగ్గిపెట్టెంత అద్దం, అందులోంచి చూస్తే గాలిలో ఎర్ర చుక్క తేలుతుంది, చుక్కని కొట్టాల్సినదానిమీద పెట్టి నొక్కడమే. ముందు గురి, వెనక గురి ఒక వరసలోకి తెచ్చే ఓపిక ఆయన కళ్లకి పోయింది. శనివారం మధ్యాహ్నాలు టౌన్ హాలు నేలమాళిగలో జరిగే పిస్తోలు పోటీల్లో రెండు నెలలుగా ఆయనదే ఆఖరు పేరు. వసంతానికి జట్టులో ఇంకెవర్నైనా చూసుకోవాలేమోనని కెప్టెన్ గస్ ఒకసారి నసిగాడు కూడా. జట్టు పోతే శనివారం పోయినట్టే. శనివారం పోతే ఆయనకి వారంలో ఇంకేం మిగలదు.

లోర్నా పిస్తోలు విప్పి స్లైడు చేతిలోకి తీసుకుంది.

"పెద్దాయనా, దీనికి రెండే దారులున్నాయి. వెనక గురి ఊడదీసి ఆ గాడిలో ఒక పట్టీ దూర్చి, దానిమీద అద్దం బిగించొచ్చు. అద్దం కాస్త ఎత్తుగా నిలబడుతుంది, కానీ నచ్చకపోతే తీసేసుకోవచ్చు. రెండోది, స్లైడుని మరలో పెట్టి కోసి, ఆ గుంటలోనే అద్దాన్ని కూర్చోబెట్టడం. కిందికి ఉంటుంది, గట్టిగా ఉంటుంది. కోసిన ఇనుము మాత్రం మళ్లీ అతకదు."

"కొయ్యి" అన్నాడు డెల్బర్ట్.

"కొయ్యాల్సింది సరిగ్గా ఇరీన్ గారి పేరు ఉన్నచోటే."

"పేరు నాకు గుర్తుందిలే అమ్మాయ్. ఇనుము మీద చదువుకోవాల్సిన ఖర్మ ఇంకా పట్టలేదు."

పొయ్యి పక్కన కూర్చున్న గస్, వెర్నన్ మొహాలు చూసుకున్నారు. గస్ ఒకప్పుడు పోస్టు బండి నడిపినవాడు, వెర్నన్ గోధుమ రైతు.

"ఒరేయ్, గాడి పట్టీ వేయించుకుని చూడరాదూ ముందు?" అన్నాడు గస్. "కోతకేం తొందర?"

"నేను చూడకుండా మాట్లాడతానా? గాడి పట్టీ చూశా, పలకలు చూశా, కోతా చూశా. ఎర్ర చుక్కల సంగతి నాకు చెప్పేవాడు ఈ జిల్లాలో పుట్టలేదు. విను మరి!"

వెర్నన్ తన డోనట్ కాఫీలో ముంచుకుని సర్దుకు కూర్చున్నాడు. లోర్నా స్లైడుని మర దవడల మధ్య పెట్టి మెల్లగా బిగించసాగింది.

"పోయిన అక్టోబరులో నా ఇంకో పిస్తోలుకి, ఉందిలే మీరు చూళ్లేదు, గాడి పట్టీ వేసి అద్దం బిగించా. కంచె గుంజ మీద బీన్స్ డబ్బా పెట్టి పాతిక గజాల దూరంలో నిలబడ్డా. ఒక్కటే దెబ్బ, డబ్బా గాల్లోకి లేచింది."

"ఇంతవరకూ నమ్ముతాం" అన్నాడు గస్. "డబ్బా ఖాళీదేనా?"

"ఖాళీదే. బీన్స్ నేనే తినేశా గదరా, మా ఇంట్లో ఇంకెవరున్నారు తినడానికి? సరే, డబ్బా లేచిందా, ఈలోగా గాలి లేచింది. మన గాలి సంగతి తెలుసుగా, కోడి గుడ్డు పెడితే పక్కూళ్లో పడుతుంది. ఆ పట్టీ మీద అద్దం అంతెత్తున నిలబడేసరికి గాలి దాన్ని పట్టుకుంది. పిస్తోలు గాలిమరలా గిర్రున తిరగడం మొదలెట్టింది, దాంతోపాటు నేనూ తిరిగా. ఉత్తరానికి గురిపెట్టి నొక్కితే దక్షిణాన దొడ్డి గొళ్లెం ఊడింది, నా దూడలన్నీ బయటికొచ్చి వరసగా నిలబడి చూశాయి. సాయంత్రానికి గాలి తగ్గింది, నేను ఆగా. ఆగి చూస్తే ఏముంది? అద్దం మీద మ్యాగ్‌పై పిట్ట గూడు కట్టేసింది, గుడ్లు కూడా పెట్టింది!"

"తిరుగుతుండగానే కట్టిందా?" అని అడిగాడు వెర్నన్ నిజంగానే.

"తిరక్కపోతే పుల్లలు ఎలా చుట్టుకుంటాయి? పిల్లలు ఎగిరిపోయేదాకా నేను దాన్ని ముట్టుకోలేదు. ఇంటి ముందు నాలుగు కూతలు వినబడుతుంటే ఎందుకు చెడగొట్టాలి? ఆ తర్వాత పలకల దారి పట్టా. కొత్త పిస్తోళ్లకి కంపెనీవాడే గుంట కోసి, అద్దం బిగించుకోడానికి పలకలిస్తాడుగా, అలాంటిదొకటి తెప్పించా. ఒక పలక కుదర్లేదు, దానిమీద ఇంకో పలక వేశా, దానిమీద ఇంకోటి, చివరికి అట్ల దొంతరలా లేచింది. అద్దంలోకి చూడాలంటే పాలు పితికే స్టూలెక్కాలి. ఎక్కి చూశానా, పక్క జిల్లా అంతా అరచేతిలో ఉంది. అదిగో, మన గస్ గాడి పోస్టు బండి దుమ్ము లేపుకుంటూ వస్తోంది. అందులో ఒక కవరు మీద నా పేరు!"

"ఒరేయ్, నేను రిటైరై తొమ్మిదేళ్లయిందిరా!"

"అందుకేనన్నమాట ఆ ఉత్తరం ఇప్పటికీ రాలేదు" అన్నాడు డెల్బర్ట్. వెర్నన్ నవ్వి కాఫీ మీద పోసుకున్నాడు. డెల్బర్ట్‌కి ఒళ్లంతా వెచ్చబడింది. వారమంతా ఆయన కాచుకునేది ఈ నవ్వు కోసమే.

"అప్పుడొచ్చింది జ్ఞానోదయం. కోయించాల్సిందే అనుకున్నా, కోయించా. ఆహా, అద్దం ఇనుములోకి ఇలా దిగి, ఇంటల్లుడిలా కూర్చుంది. వెలిగించి చూశా. ఏం కనిపించిందో చెప్పుకోండి చూద్దాం! మీకందరికీ ఒక్క చుక్కేగా? నాకు రెండు. పెద్దదొకటి, దాని భుజానికి ఆనుకుని చిన్నదొకటి, చర్చికెళ్లే మొగుడూ పెళ్లాల్లా. సరిగ్గా అప్పుడే కోళ్ల గూటి దగ్గరికి రెండు కొయోటీ నక్కలు వచ్చాయి. దీనిమీదో చుక్క, దానిమీదో చుక్క పెట్టి ఒక్కసారి నొక్కా. ఒకే గుండు, రెండు తోకలు! తోకలు వదిలేసి పారిపోయాయి వెధవలు."

లోర్నా చెయ్యి మర పిడి మీద ఆగింది. డెల్బర్ట్ అది చూడలేదు.

నిజానికి ఆయనకి ఇంకో పిస్తోలూ లేదు, పలకలూ లేవు. సోమవారం పోస్టులో వచ్చిన అద్దం ఉంది, అంతే. దాన్ని చేత్తోనే పట్టుకుని, వంటింటి గోడకేసి చూశాడు. ఆ చుక్కలు రెండూ కనబడితే ఎందుకో సంతోషం వేసింది. వారమంతా రాత్రి చిల్లీ కూర తినేటప్పుడు అద్దాన్ని ఎదురుగా ఉప్పుడబ్బాకి ఆనించి పెట్టుకున్నాడు. ఒకరోజు "ఉప్పు తక్కువైంది కదూ" అని పైకే అన్నాడు కూడా.

"ఇక మంచు తుపాను సంగతి వినలేదు మీరు" అంటూ గొంతు పెంచాడు. "కరెంటు పోయింది, జిల్లా అంతా చీకటి. నేను చుక్కల్ని పూర్తిగా వెలిగించి వాకిట్లో నిలబడ్డా. పైనెక్కడో విమానం దారి తప్పి తిరుగుతోంది, నా చుక్కల్ని చూసి విమానాశ్రయం అనుకుని గోధుమ మోళ్లలో దిగిపోయింది. నూటయాభై మంది! అందరికీ బీన్స్ పెట్టా, కుర్చీలు చాలక బార్న్‌లో గడ్డి మీద కూర్చోబెట్టా. రాత్రంతా పాటలే! పొద్దున వెళ్తూ ఒక్కొక్కరూ చెయ్యి ఊపారు. వాళ్లు వెళ్లకముందు, ఆ రాత్రే ఏమైందో తెలుసా? మబ్బు విడి చంద్రుడొచ్చాడు. పైలట్ అన్నాడు, 'తాతా, అదిగో, కొట్టగలవా?' పెద్ద చుక్క ఆ అంచున, చిన్న చుక్క ఈ అంచున పెట్టి నొక్కా. ఆ నెల అమావాస్య వారం ముందే వచ్చింది. క్యాలెండర్లు మళ్లీ అచ్చేసుకున్నారు!"

"మా చెవుల్లో పువ్వులేమైనా కనిపిస్తున్నాయిరా నీకు?" అన్నాడు గస్, కళ్లు తుడుచుకుంటూ.

లోర్నా నవ్వలేదు. మర దగ్గర్నుంచి ఇవతలికి వచ్చింది.

"పెద్దాయనా, పిట్టగూడు నమ్మా. విమానం నమ్మా. చంద్రుణ్ణి కూడా నమ్మా. ఆ రెండో చుక్క మాత్రం నమ్మను."

డెల్బర్ట్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇన్ని కోతలూ చెల్లిపోయి, ఉన్న ఒక్క నిజం దగ్గర అబద్ధాలకోరు కావడమా?

"అదొక్కటే నిజం! కావాలంటే చూసుకో!" అని పెట్టెలోంచి అద్దం తీసి, వెలిగించి, తెల్లగోడకేసి పట్టాడు. "ఇదిగో, పెద్దది, పక్కన చిన్నది. ఎంత స్పష్టంగా ఉన్నాయి!"

గస్ తీసుకుని చూశాడు. "ఒక్కటేరా" అన్నాడు. వెర్నన్ చూశాడు, మళ్లీ తుడిచి చూశాడు, తల దించుకుని ఇచ్చేశాడు.

లోర్నా గల్లా పక్కనున్న కొట్టు కార్డు ఒకటి తీసుకుని, గుండుసూదితో నడిమికి చిన్న బెజ్జం పొడిచింది. "ఈ బెజ్జం కంటికి ఆనించుకుని, ఇందులోంచి చూడండి."

చూశాడు. అద్దంలో ఎర్రగా, గుండ్రంగా, శుభ్రంగా ఒక్క చుక్క ఉంది. దాని పక్కన ఏమీ లేదు.

"అద్దంలో ఎప్పుడూ ఒక్కటే ఉంది పెద్దాయనా" అంది లోర్నా మెల్లగా. "రెండోది మీ కంట్లో ఉంది. కంటి పైపొర కాస్త వంకరపోతే చుక్క ఇలాగే చీలుతుంది. సరైన కళ్లజోడు పెడితే పోతుంది. స్లైడు కోస్తే పోదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది డెల్బర్ట్‌కి. ఎర్ర చుక్క కాదు ఆయన్ని భయపెట్టింది, నలభై మైళ్ల దారి. ఈ కళ్లతో బండి నడపొద్దని ఎవరైనా అంటే, ఇక ఆ ఫ్రిజ్జే తనకి జట్టు.

"లైసెన్సు లాక్కుంటారేమో" అన్నాడు. ఆ గొంతులో కోతలేం లేవు.

"లాక్కుంటే లాక్కోనీ" అన్నాడు గస్. "పాతికేళ్లు నీ గేటు దాకా బండి నడిపినవాణ్ణి, నాకు దారి తెలీదా? మంగళవారం కళ్లడాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తా. శనివారాలూ నేనే వస్తా. చంద్రుడు మళ్లీ ఎలా అతుక్కున్నాడో దారిలో చెబుదువుగాని."

డెల్బర్ట్ తల ఊపాడు.

"మరి దీన్నేం చేయమంటారు?" అంది లోర్నా.

"గాడి పట్టీ వెయ్యి అమ్మాయ్. పేరు ఉండనీ."

లోర్నా మర దవడలు వదులుచేసి స్లైడు బయటికి తీసింది. ఇరీన్ పేరుకి మర నుంచి అంటుకున్న పాత ఇనుప పొడిని బొటనవేలితో తుడిచి, పట్టీ వెతకడానికి లోపలికి వెళ్లింది. వెర్నన్ కాఫీ పోయడానికి లేచాడు.

డెల్బర్ట్ బెజ్జపు కార్డు పక్కన పెట్టాడు. మళ్లీ గోడకేసి అద్దం పట్టాడు. పెద్దది ఉంది, దాని భుజాన చిన్నది ఉంది. అలాగే చూస్తూ కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు గస్.

"ఏం లేదురా" అన్నాడు డెల్బర్ట్, కన్ను తిప్పకుండా. "కళ్లజోడు వచ్చేదాకా ఉంటుందిగా."