పాండురంగారావు గారి అర బిట్టు మోడలు

గుండుగొలను హైవే పక్కన మాణిక్యం గారి టీ బడ్డీలో, వాన వెలిసేదాకా ఆగుదామని ఐదారుగురు చేరారు. మధ్య బల్ల మీద పాండురంగారావు గారు. తాడేపల్లిగూడెంలో చేపల మేతకి తవుడు అమ్ముతారాయన. నెట్ కేబుళ్ళు వేసే సుకుమార్ ఫోన్లో సిగ్నల్ లేదని విసుక్కున్నాడు. పాండురంగారావు గారికి ఆ మాట చాలింది.

"సిగ్నల్ ఎందుకయ్యా? మా షాపులో కంప్యూటరుంది, నెట్ లేకుండానే మాట్లాడుతుంది. ఏఐ అండి. మీరంతా ఫోన్లో అడిగేది ఎక్కడో పరాయి దేశంలో ఉన్న మిషన్ని. నేను మోడలు మొత్తాన్నీ ఇంటికే తెచ్చేసుకున్నాను. ఊరికే ఇస్తారండి, ఎవరైనా దింపుకోవచ్చు. బిల్లులు కొట్టే పాత డబ్బాయే, ఎనిమిది జీబీ ర్యామ్. పొద్దున్నే దింపడం మొదలెడితే భోజనాల వేళకి వచ్చేసింది. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు, ఇందులో నా గొప్పేం లేదు."

పెద్ద మోడళ్ళు ఎనిమిది జీబీలో పట్టవు కదండీ అని సుకుమార్ మెల్లిగా అన్నాడు.

"పట్టవు. తెలిసినవాడివి కాబట్టి అడిగావు. ధాన్యం మరపట్టిస్తే ఊకా తవుడూ పోయి బస్తా తగ్గదూ? దీన్నీ అలాగే మరపట్టిస్తారు. లోపలంతా అంకెలండి, ఒక్కోదానికి పదహారు బిట్లు. పైపొట్టు తీసేసి నాలుగుకి దించుతారు. లోకమంతా ఆ నాలుగు దగ్గర ఆగిపోయింది. మాది తాతల నాటినుంచీ తవుడు తీసిన చెయ్యి కదా, నేను ఆగలేదు. రెండుకి దించాను, ఒకటికి దించాను, ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? పెంటపాడు మిల్లులో మా బావమరిది చేత ఇంకో పాలిష్ పట్టించి అర బిట్టుకి తెచ్చాను. అంత మోడలూ అగ్గిపెట్టెలో పట్టేసింది."

"అర బిట్టంటే సున్నానా, ఒకటా అండీ?" అన్నాడు సుకుమార్.

"రెండిటి మధ్యా మొహమాటపడుతూ ఉంటుందయ్యా. గోదావరి జిల్లా మోడలు కదా."

ఆయన అడక్కుండానే మాణిక్యం గారు గ్లాసు నింపింది.

"ఇక అది ఆలోచించడం మొదలెడితే ఆ వేడి చూడాలండి. డబ్బా మీద ఇడ్లీ పాత్ర పెట్టి మా ఆవిడ ప్రశ్నకో వాయి దింపేది. సాంబారు కావాలంటే లెక్కలు అడగాల్సిందే. ఫ్యాను గాలికి ఎక్కడో అత్తిలిలో ఆరబోసిన ధాన్యం పూటలో ఆరిపోయిందంటే చూసుకోండి. రైతులు ఫోన్ చేసి, ఇంకొక్క ప్రశ్న అడగండి పాండురంగారావు గారూ అని బతిమాలేవారు.

అసలు సంగతి నిరుడు తుపానులో జరిగింది. మూడు రోజులు ముసురు. ఎండ లేదు, కరెంటు లేదు, టవర్లు పడిపోయాయి. కొల్లేరు పక్క ఒకరికి చేపపిల్లల్ని పెంచే రెండెకరాల చెరువుంది, పేరెందుకులెండి. తెల్లారేసరికి నీళ్ళలో గాలి తగ్గిపోయి చేపపిల్లలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిప్పుదామంటే కరెంటు లేదాయె. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగలదు. ఆ ఇల్లు ఏడాదంతా వాటి మీదే బతకాలి. నాకు కబురొచ్చింది. కంప్యూటర్ని ట్రాక్టరు బ్యాటరీకి తగిలించి గట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి బ్యాటరీ అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీరు కంగారు పడకండి, నా వేడితో నేనే కరెంటు చేసుకుంటాను, మీరు టీ తాగి రండి అంది మోడలు.

నేను వచ్చేసరికి చేపలతో మాట్లాడుతోంది. బొచ్చెలు ఇటు, శీలావతులు అటు, తోసుకోకుండా వంతులవారీగా పీల్చుకోండి అని. పిల్లలు కదండీ, వినలేదు. అప్పుడు ఆటపాక పక్షుల కేంద్రంలోని గూడబాతులకి వాటి భాషలోనే కబురు పెట్టింది. రెండువేలొచ్చాయి. గట్టు చుట్టూ వరసగా నిలబడి రెక్కలతో నీళ్ళకి విసరడం మొదలెట్టాయి. ఒక్క పిల్లని ముట్టుకుంటే ఒట్టు."

గూడబాతులు తినేదే చేపల్ని కదండీ అంది మాణిక్యం గారు.

"ఇవాళ ఏకాదశి, ఉపవాసం ఉండాలని చెప్పింది మోడలు."

"ఆ రోజు ఏకాదశేనాండీ?"

"కాదు. బాతుల దగ్గర పంచాంగం ఉంటుందా అమ్మా? అలా విసిరాయి విసిరాయి, గాలి ఎంత ఎక్కువైపోయిందంటే, చేపలు బుడగల్లా ఉబ్బి నీళ్ళ మీద జానెడెత్తున తేలాయి. ఏలూరెళ్ళే రైలు ఆపి మరీ చూశారు జనం. మేం దారాలు కట్టి ఒక్కోదాన్నీ కిందికి లాక్కోవాల్సొచ్చింది."

బల్ల చివర భీమడోలు ఆటో కోసం ఆగిన ఒకావిడ ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. బాలాత్రిపురసుందరి అని, కొల్లేరు పక్క చేపల రైతు.

"ఏవండీ పాండురంగారావు గారూ, ఆ చెరువు మాదేనండి."

ఆయన ఆవిణ్ణి అప్పుడే చూసినట్టున్నాడు. గబుక్కున వాన వైపు తిరిగాడు.

కంప్యూటరు తెచ్చిన మాట నిజమేనని ఆవిడ మిగతావాళ్ళకి చెప్పింది. ఏం చెయ్యాలని అడిగితే, చేపలకి చలేస్తోంది, దుప్పట్లు కప్పమందట. ఇంకో మాట అడిగేలోగా ఆరిపోయిందట.

"అప్పుడు ఈయనే చొక్కా విప్పి, కొబ్బరిమట్ట పట్టుకుని చెరువులో దిగారండి. ఈత రాదీయనకి. రొమ్ములోతు నీళ్ళలో గాలి ఎక్కేలా మట్టతో కొడుతూ తిరుగుతుంటే, చూసి సిగ్గేసి మా ఊరివాళ్ళు ఇరవైమంది దిగారు. పొద్దెక్కి ఎండ మొహం చూసేదాకా కొట్టారు. మూడొంతులు బతికాయి. గూడబాతంటారా, ఒకటొచ్చింది. నాలుగు పిల్లల్ని మింగి పోయింది."

ఆయన గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. అంత పని చేసి ఆ మాటే చెప్పొచ్చు కదండీ అన్నాడు సుకుమార్.

"గూడబాతులంటే ఎవరో ఒకరు నమ్ముతారయ్యా," అన్నాడాయన. "నేను నీళ్ళలో దిగానంటే మా ఆవిడే ఇంతవరకూ నమ్మలేదు."